సైలెన్స్ అంటే నిజంగానే నిశ్శబ్దమైన రోజు

పద్దెనిమిదేళ్ళు నేను టీవీలో ఏకధాటిగా మాట్లాడాను. నా గొంతు ఒక్కరూ వినలేదు. ఇందులో వేదాంతమేమీ లేదు, మా వృత్తి పద్ధతే అంత. నటన నేర్చుకుంటామని నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటి పైగదికి వచ్చే పిల్లలు ఈ మాట అనగానే మొహమొహాలు చూసుకుంటారు, సారు మళ్ళీ మొదలుపెట్టాడని. వాళ్ళ కోసమే దీన్ని కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి మధ్యలో ఫోను రాదు.

నేను పుట్టింది బోధన్‌లో. చెరుకు బండి వెనకాల పరిగెత్తి గడ లాక్కుని తిన్నవాణ్ణి. ఆ పరుగుకే ఒలింపిక్స్‌లో ఏదో ఒకటి రావలసింది, దారి తప్పి సీరియల్స్‌లోకి వచ్చాను. నెలకు ఇరవై రోజులు హైదరాబాద్, మిగిలిన పది రోజులు నిజామాబాద్‌లో నన్ను ఎవరైనా గుర్తుపడతారా అని బజారులో తిరగడం. ఇదీ నా జీవితం.

సీరియల్లో నాది పెదనాన్న వేషం. ఒక సీరియల్ అయిపోతే ఇంకో సీరియల్లో పెదనాన్న. నా పెళ్ళికి కూడా కట్టుకోనంత పట్టు అక్కడ పళ్ళు తోముకునే సీన్‌కి కట్టుకున్నాను. ఒక కథలో ఆ ఇంటి రహస్యం నాకొక్కడికే తెలుసు. నాలుగేళ్ళపాటు తెలుసు. చెప్పబోయినప్పుడల్లా ఛాతీ పట్టుకుని సోఫాలో కూలబడేవాణ్ణి. నిజామాబాద్, బోధన్, ఆర్మూరు ఆసుపత్రుల్లో గుండె జబ్బు రోగులందరినీ వరసగా నిలబెట్టినా నాకు వచ్చినన్ని పోట్లు వాళ్ళకు వచ్చి ఉండవు.

అయితే ఆ మూలుగు కూడా నాది కాదు. నా పెదాలు కదిలేవి. ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఒకాయన, కోస్తా వైపు మనిషి, గుడిగంటలాంటి గొంతు, నా పెదాలకు తన మాటలు తొడిగేవాడు. మా యాస సీరియల్ పెదనాన్నకు పనికిరాదని మొదటి రోజే తేల్చేశారు. నేను కూడా నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి కాస్త ఆత్మాభిమానం ఉండాలి, అది నాకు ఆలస్యంగా, చాలా తక్కువ మోతాదులో వచ్చింది.

చిక్కంతా పెళ్ళిళ్ళలోనే వచ్చేది. బోధన్‌లో ఏ పెళ్ళికి పోయినా చేతికి మైకు ఇచ్చేవాళ్ళు. నేను నాలుగు మాటలు మాట్లాడగానే ముందు వరసలో గుసగుసలు మొదలు.

"టీవీల గొంతు గంభీరంగ ఉంటది గదన్నా, గిట్లేంది? జలుబైందా?"

"అవును తమ్మీ, హైదరాబాద్ నీళ్ళు పడుతలేవు," అనేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళ జలుబు నాది.

మా అక్క ఒక్కతే మొహం మీద చెప్పేది. బోధన్‌లో ఉంటుంది, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ప్రతి సీరియలూ చూసేది, చూసి ఫోను చేసేది. "మంచిగ ఏడ్చినవ్ రా తమ్మీ. గని గా గొంతెవనిదో గాని, నువ్వు ఏడుస్తుంటె వేరేటోడు ఏడ్చినట్లనిపిస్తది." ఒక్కసారైనా తమ్ముడి నోటి నుంచి తమ్ముడి మాట టీవీలో వినాలని ఆమె కోరిక. అది పెద్ద కోరికని నాకు అప్పట్లో తెలియదు.

ఇక్కడ మీకు మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం అర్థం కాదు. రోజూ వచ్చే సీరియల్‌కి రోజుకు పదేసి సీన్లు తీస్తారు. పొద్దున రాసిన పేజీలు మధ్యాహ్నానికి మా ముందుకు వస్తాయి. డైలాగులు బట్టీ పట్టే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని కెమెరా పక్కన ఒక మనిషి కాగితాలు పట్టుకుని నిలబడి గట్టిగా డైలాగు చదువుతాడు. ఆయన చదివినదాన్ని మేము భావంతో తిరిగి అంటాం. ఆయన తర్వాతి ముక్క చదువుతాడు, మేము అది కూడా అంటాం. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. ఎలాగూ ఆ శబ్దమంతా పారేసి కొత్తగా డబ్బింగ్ చెప్పిస్తారు కాబట్టి ఆయన ఎంత గట్టిగా అరిచినా నష్టం లేదు.

నాకు పద్దెనిమిదేళ్ళూ ప్రాంప్టింగ్ చెప్పింది ఒక్కడే. జక్రాన్‌పల్లి మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న, చూడ్డానికి పదేళ్ళు పెద్ద. ఎందుకంటే నేను జుట్టుకు రంగు వేసేవాణ్ణి, అతను వేసేవాడు కాదు. షూటింగ్ లేనప్పుడు ఊళ్ళో పసుపు చేను చూసుకునేవాడు. నన్ను అన్నా అనేవాడు. అతని చదువులో భావం అనేది మచ్చుకైనా ఉండదు. "నీ తండ్రిని చంపింది నేనేనమ్మా" అన్నా, "టిఫిన్ చేశారా బాబూ" అన్నా ఒకే శ్రుతి. నేను ఆ ఎండుకట్టె మాటను అందుకుని, నెయ్యి పోసి, జీడిపప్పు వేసి, కెమెరా ముందు పెట్టేవాణ్ణి.

నా నోరు అతని నోటికి ఎంత అలవాటు పడిందంటే, ఒకసారి అతను పొరపాటున బ్రాకెట్‌లో ఉన్న ముక్క కూడా చదివేశాడు. నేను కూతురి తల మీద చెయ్యి వేసి, గద్గద స్వరంతో, "కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోతాడు," అన్నాను. అని, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాను. సెట్లో ఎవరికీ తేడా తెలియలేదు. డబ్బింగ్ ఆయన దాన్ని "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ" అని సర్దేశాడు. ఆ సీన్‌కి నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. ఆ రోజు నవ్వకుండా కాస్త భయపడి ఉంటే బాగుండేది.

ఇక అసలు రోజు. మా చివరి సీరియల్ ఆగిపోయిన నెలకు, హైదరాబాద్ నుంచి ఒక దర్శకురాలు ఫోన్ చేసింది. ముప్పై ఏళ్ళు ఉండవు. ఫోన్లలో, టీవీల్లో చూసే వెబ్ సిరీస్ ఒకటి తీస్తోంది. కథ చెరుకు ప్రాంతంలో నడుస్తుంది. అందులో ఒక పెద్దమనిషి వేషం. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలో ఒకప్పుడు సైరన్ మోగించే పని అతనిది. గేటు ముందు కూర్చుని ఒక విలేకరి అమ్మాయికి తన గోడు చెబుతాడు. రెండున్నర పేజీలు, ఒకే షాట్, మధ్యలో కట్ లేదు.

"సర్, మీది బోధన్ కదా. ఇది సింక్ సౌండ్. అక్కడ మీరు మాట్లాడిందే ఉంటుంది, డబ్బింగ్ ఉండదు. మీ భాషలో, మీ గొంతుతో కావాలి," అంది.

నా గొంతుతో. ఆ మాట విని నేను ఫోను కింద పెట్టి అద్దం ముందుకు పోయి నా గొంతును చూసుకున్నాను. గొంతు అద్దంలో కనపడదని తట్టడానికి కాస్త సమయం పట్టింది. అక్కకు చెప్పాను. అక్క బోధన్ అంతా చెప్పింది. నేను కంఠేశ్వర్‌లో కూరగాయల బండి నుంచి మందుల షాపు దాకా, ఆటో స్టాండులో కూడా చెప్పాను. సాయంత్రానికి ఈ వార్త తెలియనివాళ్ళు నిజామాబాద్‌లో ఇంకా పుట్టని పిల్లలు మాత్రమే.

జుట్టు రంగు మానేశాను. గడ్డం పెంచాను. పది రోజులు డైలాగు సాధన చేశాను. ఈ సాధన ఎలా చేశానో మీరు శ్రద్ధగా వినాలి. మా ఆవిడ వంటింట్లో కాగితం పట్టుకుని ఒక వాక్యం చదివేది. నేను హాల్లో కుర్చీలో కూర్చుని దాన్ని భావంతో అనేవాణ్ణి. ఆమె ఇంకోటి చదివేది, నేను ఇంకోటి అనేవాణ్ణి. పదో రోజుకు ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు.

"పూర్తిగ వచ్చేసిందయ్యా నీకు. ఒక్క ముక్క పోతలేదు," అంది.

"పద్దెనిమిదేళ్ళ అనుభవం మరి," అన్నాను నేను.

కాగితం చేతిలో ఉన్నది ఆమెకు కదా అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

షూటింగ్ బోధన్ పక్కన, చెరుకు తోట అంచున. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ప్లైవుడ్‌తో ఫ్యాక్టరీ గేటు కట్టారు. తుప్పు కూడా రంగుతో వేశారు. ఎంత బాగా వేశారంటే, సైకిల్ మీద పోతున్న ఒక ముసలాయన దిగి, గేటును కాసేపు చూసి, ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగాడు.

"మల్ల తెరుస్తుండ్రా సారు?"

"లేదు తాతా, ఇది సినిమా గేటు."

"అట్లనా," అని ఆయన సైకిలెక్కి పోయాడు. ఆ ఒక్క "అట్లనా"లో ఉన్న నటన నేను పద్దెనిమిదేళ్ళలో చేయలేదు. అప్పుడైనా నేను చల్లగా ఇంటికి పోవాల్సింది.

జనం బాగానే వచ్చారు. అక్క తన వాడ ఆడవాళ్ళను ఆటోలో వేసుకుని, జొన్నరొట్టెలు కట్టుకుని వచ్చింది. చెరుకు తోట బోధన్ సేటు ఒకాయనది. పాతకాలం నుంచి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆయన అందరికీ కుర్చీలు వేయించి, తను మాత్రం నిలబడి ట్రాక్టర్ మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. కోసిన చెరుకు ట్రాలీలో నిండి ఉంది, మా కెమెరా దానికి అడ్డం ఉంది.

నేను గేటు ముందు రాయి మీద కూర్చున్నాను. నెత్తికి రుమాలు, ముతక ధోతి. ఎదురుగా విలేకరి వేషం వేసిన అమ్మాయి. చొక్కా లోపల మైకు పెట్టారు.

"సైలెన్స్," అని అరిచారు.

ఈ మాట నేను కొన్ని వేలసార్లు విన్నాను. మా సీరియల్ సెట్లో సైలెన్స్ అంటే, కార్పెంటర్లు సుత్తి పక్కన పెట్టి మాటలు మొదలుపెట్టాలని అర్థం. ఇక్కడ నిజంగానే నిశ్శబ్దమైంది. చెరుకాకు ఆకుకు రాసుకోవడం వినిపించింది. "యాక్షన్," అంది దర్శకురాలు, గుసగుసగా.

నేను సిద్ధంగా ఉన్నాను. కళ్ళల్లో బాధ నింపుకున్నాను, పెదవి వణికించాను. మాట వస్తే అందుకుందామని చూస్తున్నాను. మాట రాలేదు. ఇంకాస్త బాధ నింపాను. అటు వాళ్ళంతా నా కోసం చూస్తున్నారు, ఇటు నేను వాళ్ళ కోసం చూస్తున్నాను. ఒక నిమిషం గడిచింది. బోధన్ చరిత్రలో అంత పొడుగు నిమిషం ఇంకోటి లేదు.

"కట్," అంది దర్శకురాలు. వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "సర్, ఆ సైలెన్స్ అద్భుతం. ఇప్పుడు డైలాగ్ కూడా చెబుదామా?"

"చెబుదామమ్మా," అన్నాను.

రెండోసారి కూడా నిశ్శబ్దం. ఈసారి నా ప్రాణానికి తెలిసిపోయింది, చెప్పేవాడు లేడని. బుర్రలో వెతికాను. అక్కడ మా ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ లేదు, అది కూడా చాలా దూరంలో, కుక్కర్ విజిల్ మధ్యలో. సరిగ్గా అప్పుడు ట్రాక్టర్ దగ్గర సేటు గారు పక్కనున్నవాడితో నెమ్మదిగా అన్నాడు. "అరె భాయ్, ట్రాలీ తీయాలె. చెరుకు ఎండిపోతున్నది."

నా చెవిలో మాట పడింది. పద్దెనిమిదేళ్ళ నోరు ఊరుకుంటుందా. విలేకరి అమ్మాయి కళ్ళల్లోకి సూటిగా చూసి, ఆకాశం వైపు చెయ్యెత్తి, గుండెలు పగిలేలా అన్నాను. "అరె భాయ్, ట్రాలీ తీయాలె. చెరుకు... ఎండిపోతున్నది."

కన్నీటి చుక్క కూడా రాలింది. ఆ అమ్మాయి మంచి నటి, ఆగకుండా తన డైలాగు చెప్పింది. "ఇంత బాధ లోపల పెట్టుకుని ఎలా బతికారు తాతా?"

జనం నవ్వారు. సేటు గారొక్కడే నవ్వలేదు. ఇంత పెద్ద నటుడు తన చెరుకు గురించి ఇంత బాధపడ్డాడని కదిలిపోయి, "సారుకు చెరుకు రసం తెండి," అన్నాడు.

మూడోసారి, నాలుగోసారి గురించి చెప్పను. అక్క రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ప్రొడక్షన్ మేనేజర్ నా దగ్గరకు వచ్చి, మర్యాదగానే, విషయం చెప్పాడు. నిజామాబాద్ హోటల్లో ఒక నాటకాల నటుడిని పిలిపించి పెట్టారట, దేనికైనా మంచిదని. ఎండ వాలేలోపు నాతో కాకపోతే ఆయనతో తీస్తారు. "మేడంకు మీరే కావాలని ఉన్నది సార్. గని వెలుతురు ఆగదు గద," అన్నాడు.

నేను తోటలోకి పోయి జక్రాన్‌పల్లికి ఫోను చేశాను.

"తమ్మీ, నా నోరు పడిపోయింది. జల్ది రా."

"దవాఖానల ఉన్నవా అన్నా?"

"దవాఖాన అయితె మంచిగుండు. షూటింగుల ఉన్న."

అతను నిజామాబాద్ మీదుగా మోటారు సైకిల్ మీద గంటన్నరలో వచ్చాడు. పసుపు ఉడకబెట్టే పనిలోంచి అలాగే లేచి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా పచ్చగా, చొక్కా పచ్చగా. సంగతంతా విని అతను నవ్వలేదు. కాగితాలు తీసుకుని, మనసులో ఒకసారి చదువుకున్నాడు.

"మంచిగ రాసిండ్రు," అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను ఒక డైలాగు గురించి అభిప్రాయం చెప్పడం అదే మొదలు.

నా పథకం చాలా గొప్పది. అతను ప్లైవుడ్ గేటు వెనకాల దాక్కుంటాడు. సందులోంచి నాకు మాత్రమే వినపడేలా మెల్లగా చదువుతాడు. నేను అంటాను. ఎవరికీ తెలియదు. నా చొక్కాలో ఉన్న మైకు అక్కడ చీమ తుమ్మినా పట్టేస్తుందని ఆ మహా మేధస్సుకు తట్టలేదు.

దర్శకురాలు ఒక్క రిహార్సల్ చూద్దాం అంది, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని. నేను కూర్చున్నాను. గేటు వెనక నుంచి మొదలైంది, అదే ఎండుకట్టె శ్రుతి.

"బిడ్డా, సైరన్ తాడు నా చేతుల ఉండె. నేను గుంజితెనే ఊరు లేచేది. పొయ్యిలంటుకునేయి. అవ్వలు మందు గోలీలు ఏసుకునేటోళ్ళు. గడియారం లేని ఇంటికి నేనే గడియారం."

నేను అందుకుని జీడిపప్పు వేయడం మొదలుపెట్టాను. దర్శకురాలు చెయ్యెత్తింది. సౌండు చూసే ఆయన హెడ్‌ఫోన్ ఎత్తి, "మేడం, గేటెన్క ఎవరో ఉన్నరు," అన్నాడు.

"తెలుసు. సర్, మీరు ఒక్క నిమిషం మాట్లాడకండి," అంది నాతో. "గేటు వెనక ఉన్నాయన, మీరు చదవండి."

అతను మళ్ళీ మొదటి నుంచి చదువుతూ చివరి ముక్క దాకా వచ్చాడు.

"గిప్పుడు తాడు లేదు. ఊరు దానంతట అదే లేస్తున్నది. నేను లేవకపోయినా లేస్తున్నది. గదే నాకు సమజైత లేదు బిడ్డా."

అంతే. ఏడుపు లేదు, వణుకు లేదు, ఛాతీ పట్టుకోవడం అసలే లేదు. పసుపు ధర చెప్పినట్టు చెప్పాడు. కుర్చీల్లో ఉన్న జనం నవ్వడం ఆపి చాలాసేపయింది. నేను ఆ మాటలను పది రోజులుగా అంటున్నాను. అందులో ఏముందో అప్పుడే మొదటిసారి విన్నాను.

దర్శకురాలు హెడ్‌ఫోన్ తీసింది. నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక మర్యాదే. "ఆయన్ని బయటికి రమ్మనండి," అంది.

అతను పచ్చటి చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చాడు. సంగతి విని, "నేను యాక్టర్ని గాదు మేడం. చదివేటోన్ని," అన్నాడు.

"చదవండి చాలు."

అతను నన్ను పక్కకు తీసుకుపోయాడు. "అన్నా, నేను పోత. బండి బయటనే ఉన్నది. ఇది నీ వేషం. నువ్వు పొమ్మను, ఉరుకుత."

ఇక్కడ నేను గొప్పగా త్యాగం చేశానని రాసుకోవచ్చు. ఎవరూ కాదనరు. నిజానికి పొమ్మనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అతను పోతే హోటల్ నటుడు వస్తాడు, అంటే నా వేషం ఎలాగూ పోతుంది, పోయేది పోయినా ఇతనికి మాత్రం దక్కదు. ఇంత లెక్క నా బుర్రలో అర నిమిషంలో నడిచింది. డైలాగులు నిలవని బుర్రలో ఇలాంటివి బాగా నిలుస్తాయి. అప్పుడు అతను నా మొహం కేసి చూస్తూ నిలబడ్డాడు, నేను ఏమంటానోనని. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి మా ఇద్దరిలో మాట అందించవలసింది నేను.

"చొక్కా పట్టుకో," అన్నాను. నెత్తి రుమాలు తీసి అతని చేతిలో పెట్టాను.

చొక్కా విప్పడానికి మాత్రం ఒక యుగం తీసుకున్నాను. ఒక్కో గుండీ దగ్గరా ఆగాను. దర్శకురాలు పరిగెత్తుకొచ్చి "ఆగండి సర్, మీరే కావాలి" అంటుందేమోనని. చివరి గుండీకి మేనేజర్ వచ్చాడు. "సార్, జర జల్ది, ఎండ పోతున్నది," అన్నాడు.

నా చొక్కా, రుమాలు వేసుకుని, కింద తన ధోతితోనే అతను రాయి మీద కూర్చున్నాడు. కాగితం అక్కర్లేదన్నాడు, రెండుసార్లు చదివాడు కదా. సైలెన్స్ అన్నారు, యాక్షన్ అన్నారు. అతను విలేకరి అమ్మాయిని చూశాడు, మాట రాలేదు. మళ్ళీ చూశాడు, రాలేదు. నాలో ఒక చిన్న దుర్మార్గపు ఆశ తల ఎత్తింది, దాని సంగతి కూడా దాచను.

"మేడం," అన్నాడు. "అన్న నా ముందర నిలబడాలె."

"ఏ అన్న?"

"గీ అన్న. నేను ఎన్నడు చెప్పినా ఆయనకే చెప్పిన. వేరేటోళ్ళ మొకం జూస్తె నాకు మాట రాదు."

నన్ను తీసుకొచ్చి కెమెరా పక్కన, అమ్మాయి భుజం వెనకాల నిలబెట్టారు. ఒంటి మీద నా బనియను, కింద ఆ ముతక ధోతి ఇంకా అలాగే ఉంది. పద్దెనిమిదేళ్ళు అతను నిలబడ్డ చోటు అది. అక్కడి నుంచి వెలుతురు కళ్ళల్లో పడుతుందని, కాళ్ళు లాగుతాయని నాకు అప్పుడే తెలిసింది.

అతను నన్ను చూసి మాట్లాడాడు. రెండున్నర పేజీలు, ఒక్క తడబాటు లేకుండా. ఎవరూ దగ్గలేదు. సేటు గారు ట్రాక్టర్ మీద చెయ్యి తీసేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెరుకు సంగతి ఆయన మరిచిపోయాడు. చివరి మాట అయ్యాక దర్శకురాలు కట్ అనడానికి కూడా కొంతసేపు పట్టింది. చెరుకు తోట మీద ఎండ సరిగ్గా అంతటితో అయిపోయింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే సౌండు చూసే ఆయన మాత్రం హెడ్‌ఫోన్ చెవికి అదుముకుని మళ్ళీ వింటున్నాడు. దర్శకురాలిని పిలిచాడు. ఇద్దరూ విన్నారు. ఆమె నా దగ్గరకు వచ్చింది.

"సర్, ట్రాక్‌లో ఇంకో గొంతు ఉంది. ఆయన ఒక ముక్క అనగానే, వెంటనే అదే ముక్క. గుసగుసగా. మొదటి నుంచి చివరి దాకా."

నాకు తెలియకుండానే నా నోరు పని చేసింది. అతను చెప్పిన ప్రతి మాటనూ, అతని ముందు నిలబడి, అలవాటుకొద్దీ తిరిగి అన్నాను. వేషం పోయింది సరే, అతని వేషం కూడా చెడగొట్టాను. ఎండ లేదు, మళ్ళీ తీసే వీలు లేదు.

"క్షమించమ్మా. నోరు మూసుకోవాలని ఎవరూ నాకు నేర్పలేదు," అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ వినడానికి పోయింది. నాలుగు నెలలకు సిరీస్ వచ్చింది. ఆ గొంతును తీసేశారో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నటనకు ఆ రోజే దండం పెట్టాను. నన్ను చూసి నటన కూడా ఊపిరి పీల్చుకుని ఉంటుంది. ఇప్పుడు అతనికి సినిమాల్లో వేషాలు వస్తున్నాయి. పసుపు పనుల కాలంలో మాత్రం ఎవరు పిలిచినా పోడు.

సిరీస్ వచ్చిన రోజు బోధన్‌లో అక్క ఇంట్లో కూర్చుని చూశాను. షూటింగ్ సంగతి ఆమె అప్పటిదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు. గేటు సీన్ వచ్చింది. అతను మాట్లాడుతుంటే అక్క మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగింది. సీన్ అయిపోయింది.

"ఎన్కకు పెట్టు," అంది.

పెట్టాను. ఆమె టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. కళ్ళు మూసుకుంది. సీరియల్ చూసే మనిషి కళ్ళు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"గా పెద్దమనిషి ఎన్క ఎవడో గొణుగుతుండు."

"గాలి అయ్యుంటది అక్కా. చెరుకు తోట గద."

"గాలి బిడ్డా అని ఎట్లంటదిరా?" అంది, కళ్ళు తెరవకుండానే. కాసేపు విన్నది. "నువ్వే గద."

ఎవరైనా మాట అందిస్తారేమోనని చూశాను. ఎవరూ లేరు.

"గంత మందిల నోరు మూసుకోని నిలబడరాదా తమ్మీ నీకు," అని తిట్టింది. తిట్టి, రిమోట్ నా చేతిలోంచి తీసుకుని, టీవీ గొంతు పెద్దది చేసి, తనే మళ్ళీ వెనక్కి పెట్టుకుంది.